లారీ గేరు ఎవరు మారుస్తున్నారు?

లోడు లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? ఇంజను చప్పుడు రానురాను మందగిస్తుంది. ఇక లాగలేదేమో అనిపించేసరికి ఆ చప్పుడు ఒక్కసారి తెగుతుంది. వెంటనే ఇంజను ఒక్క క్షణం ‘ఝుమ్’మని లేస్తుంది. గేరు పడుతుంది, బండి మళ్ళీ కదం తొక్కుతుంది. రెండు సెకండ్లు కూడా పట్టని ఆ సందులో డ్రైవరు తన చేత్తో, కాలితో, చెవితో ఒక లెక్క కడతాడు. బడికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ లెక్క తప్పకుండా కడతాడు. ఈ రోజు కబుర్లు ఆ లెక్క గురించీ, ఆ లెక్కను ఇప్పుడు డ్రైవరు బదులు కంప్యూటరు కడుతున్న లారీల గురించీ.

అసలు గేర్లెందుకు అన్నది ముందు చూద్దాం. డీజిల్ ఇంజను మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది, మరీ జోరుగా తిరగలేదు. కారులో ఉండే పెట్రోలు ఇంజను నిమిషానికి 6000 చుట్ల దాకా తిరుగుతుంది. పెద్ద లారీ ఇంజను ఏ పనీ లేనప్పుడు 600 చుట్ల దగ్గర గుడగుడలాడుతూ ఉంటుంది, 2200 దాటాక ఇక చాలంటుంది. అది గట్టిగా లాగేది 1000కీ 1500కీ మధ్యనే. అంత ఇరుకు.

మరి చక్రాల సంగతి? లారీ టైరు చుట్టుకొలత సుమారు మూడుంబావు మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి దాదాపు 300 చుట్లు తిరుగుతుంది. అదే లారీ ఘాట్లో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే 25 చుట్లే. రెండు చోట్లా ఇంజను మాత్రం 1200, 1500 దగ్గరే తిరగాలి. అంటే ఒక చోట ఇంజను అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరగాలి, ఇంకో చోట సుమారు యాభై చుట్లకు ఒక చుట్టు. ఈ అయిదుకూ యాభైకీ మధ్య మెట్లు కట్టేవే గేర్లు. చుట్లు తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది. ఇంజను ఇచ్చే 800 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం యాభై రెట్లు పెరిగి చక్రం దగ్గర 40,000 అవుతుంది, దారిలో రాపిడికి పోయేది పోగా. ఇరవై టన్నుల సరుకు కొండ ఎక్కేది ఆ బలంతోనే.

ఇక డ్రైవరు లెక్క. గేరుపెట్టెలో ప్రతి గేరుకూ ఒక పళ్ళ చక్రాల జత ఉంటుంది. అన్ని జతలూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతూనే ఉంటాయి. కాకపోతే ప్రతి జతలోనూ ఒక చక్రం తన షాఫ్టు మీద వదులుగా తిరుగుతుంది. గేరు రాడ్డు కదిపితే, పళ్ళున్న ఒక పట్టీ జరిగి ఆ వదులు చక్రాన్ని షాఫ్టుకు బిగిస్తుంది. గేరు పడటమంటే అదే. అయితే బిగియాలంటే పట్టీ, చక్రం రెండూ ఒకే వేగంలో తిరుగుతూ ఉండాలి. లేకపోతే ‘కర్ర్’మని పళ్ళు పళ్ళు కొరుక్కుంటాయి.

అంకెలతో చూడండి. గేరుపెట్టె నుంచి చక్రాల వైపు వెళ్ళే షాఫ్టు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అయిదో గేరులో ఇంజను 1500 తిరుగుతోంది. నాలుగో గేరులోకి దిగాలంటే అదే షాఫ్టు వేగానికి ఇంజను 2200 తిరగాలి. కాబట్టి డ్రైవరు క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్లోకి తీస్తాడు, క్లచ్ వదిలి యాక్సిలరేటరు ఒక్క తొక్కు తొక్కుతాడు, ఇంజనూ దానితో పాటు గేరుపెట్టె లోపలి చక్రాలూ పైకి లేస్తాయి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేస్తాడు. డబుల్ క్లచ్ అని డ్రైవర్లు చెప్పేది దీన్నే. మనం విన్న ‘ఝుమ్’ ఆ 700 చుట్ల తేడా పూడ్చిన చప్పుడు.

ఘాట్లో ఇంకో చిక్కు ఉంది. న్యూట్రల్లో ఉన్న ఆ కాస్త సేపూ లారీని లాగేవాడు లేడు. ఎత్తు మీద అది వేగం కోల్పోతూ ఉంటుంది. షాఫ్టు 1000 నుంచి 900కి, 800కి పడిపోతుంటే ఇంజను అందుకోవలసిన అంకె కూడా కిందికి జారుతుంది. జారిపోతున్న గురికి గురిపెట్టి కొట్టాలన్నమాట. తప్పితే గేరు పడదు, లారీ నిలిచిపోతుంది, వెనక్కి జారడం మొదలుపెడుతుంది. అప్పుడు క్లీనరు కిందికి దూకి చక్రం వెనక చెక్కదిమ్మ పెట్టాలి. వెనకాల బస్సు నిండా జనం ఉన్న ఘాట్ మలుపులో ఆ అర నిమిషం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ విద్యను పుస్తకంలో కాకుండా పక్క సీట్లో కూర్చుని నేర్చుకున్న వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

ఈ బాధ తప్పించడానికి 1928లోనే అమెరికాలో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. గేరు పడే ముందు చిన్న రాపిడి ఉంగరం ఒకటి రెండు వేగాలనీ కలిపేస్తుంది. ఇవాళ మన మాన్యువల్ కార్లన్నింట్లో ఉన్నది అదే. లారీల్లోనూ చాలా వాటిలో వచ్చింది. కానీ బరువైన పళ్ళ చక్రాలను పదేపదే అదుపు చేసే ఆ ఉంగరాలు అరిగిపోతాయి. అందుకని అమెరికాలో దూరప్రయాణాల లారీలు దాన్ని వద్దనుకున్నాయి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో పుట్టిన ఫుల్లర్ కంపెనీని 1958లో ఈటన్ కొన్నది. వాళ్ళ రోడ్‌రేంజర్ గేరుపెట్టెల్లో సింక్రో లేదు. అక్కడ చెయ్యి తిరిగిన డ్రైవర్లు బయలుదేరేటప్పుడూ ఆగేటప్పుడూ తప్ప క్లచ్ తొక్కరు. ఇంజను చుట్లు సరిగ్గా కలిసిన క్షణంలో గేరు దానంతట అదే జారి పడుతుంది.

ఆ రోడ్‌రేంజర్లలో పద్ధెనిమిది గేర్లవి కూడా ఉన్నాయి. పద్ధెనిమిది జతల చక్రాలు ఉంటాయనుకోకండి. అందులో ఉన్న కిటుకు నాకు చాలా ఇష్టం. యూరపులో వాడే పన్నెండు గేర్ల పెట్టెతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అసలు పెట్టెలో మూడే గేర్లు. దాని ముందు ఒక చిన్న పెట్టె ప్రతి గేరునూ రెండు సగం మెట్లుగా విడగొడుతుంది, ఆరయ్యాయి. వెనక ఇంకో పెట్టె ఆ ఆరింటినీ తక్కువ వేగాలకు ఒకసారి, ఎక్కువ వేగాలకు ఒకసారి వాడుకోనిస్తుంది, పన్నెండయ్యాయి. మూడు, రెండు, రెండు గుణించడమే. గేరు రాడ్డు మీద చిన్న మీటలు ఉండేది ఆ ముందు, వెనక పెట్టెల కోసమే.

“తాతయ్యా, మరి స్కూటీలో లాగా గేరు మార్చే పనే లేకుండా చేసెయ్యొచ్చుగా?” అంది మా మనవరాలు.

“చేశారమ్మలూ, ఎప్పుడో చేశారు. మరి అందరూ ఎందుకు కొనలేదో అడుగు” అన్నాను.

మొదటి దారి నూనెది. జర్మనీలో హెర్మన్ ఫాటింగర్ అనే ఇంజనీరు 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఓడల కోసం. ఇంజను ఒక పంకా తిప్పుతుంది, ఆ పంకా నూనెను విసురుతుంది, ఆ నూనె ఎదుటి పంకాను తిప్పుతుంది. రెంటికీ మధ్య ఇనుము ఇనుమును తాకదు, కాబట్టి క్లచ్ అక్కర్లేదు. బండి ఆగిపోయినా ఇంజను ఆగదు, నూనె జారుతూ ఉంటుంది, అంతే. 1939లో ఓల్డ్స్‌మొబిల్ కార్లలో ఇలాంటి నూనె జోడింపుతోనే హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టె వచ్చింది. బరువు బండ్లలో అలిసన్ కంపెనీ పెట్టెలు పేరు తెచ్చుకున్నాయి. ఫైరింజన్లు, ఇంటింటి దగ్గరా ఆగుతూ వెళ్ళే చెత్త లారీలు, గనుల్లో తిరిగే డంపర్లు, ఇలా ఆగి కదలడమే పనిగా ఉన్న బండ్లకు ఇది దేవుడిచ్చిన వరం.

కానీ సరుకు వేసుకుని రాష్ట్రాలు దాటే లారీకి ఇది అంతగా నప్పలేదు. నూనె జారిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది, వేడిగా పోయేది డీజిలే. తరవాత తరవాత వేగం అందుకున్నాక రెండు పంకాలనూ బిగించేసే ఏర్పాటు వచ్చింది కానీ ధర, బరువు అలాగే ఉన్నాయి. ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరిగే బండికి లీటరుకు కొన్ని మీటర్ల తేడా కూడా ఓనరు కంటికి కనబడుతుంది.

రెండో దారి పట్టినవాళ్ళు పాత గేరుపెట్టెను పారెయ్యలేదు. ఆ పళ్ళ చక్రాలు, ఆ పట్టీలు, ఆ క్లచ్ ప్లేటు అన్నీ అలాగే ఉంచారు. డ్రైవరు చెయ్యి ఉండే చోట గాలితో కదిలే పిస్టన్లు పెట్టారు. లారీలో బ్రేకుల కోసం గట్టిగా ఒత్తిన గాలి ఎలాగూ ఉంది. డ్రైవరు చెవి ఉండే చోట షాఫ్టుల వేగం కొలిచే సెన్సర్లు పెట్టారు, లెక్క కట్టడానికి కంప్యూటరు పెట్టారు. ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, పొట్టిగా ఏఎంటీ, అంటే ఇదే. 1990లలో యూరపులో ఇవి నిలదొక్కుకున్నాయి, 2001లో వోల్వో కంపెనీ ఐషిఫ్ట్ గేరుపెట్టె వచ్చింది. క్లచ్ పెడలు లేదు కాబట్టి క్లచ్చే లేదనుకుంటారు చాలామంది. ఉంది, తొక్కే కాలు మారింది.

ఇందులో నన్ను ఎంతగానో ఆనందపెట్టే సంగతి ఒకటుంది. ఐషిఫ్ట్ అసలు పెట్టెలోంచి సింక్రో ఉంగరాలు తీసేశారు. ఎందుకంటే కంప్యూటరు ఇంజను వేగాన్ని పొల్లు పోకుండా కలపగలదు. కింది గేరుకు దిగేటప్పుడు ఇంజనును పైకి లేపుతుంది, పై గేరుకు వెళ్ళేటప్పుడు లోపలి షాఫ్టుకు చిన్న బ్రేకు వేసి నెమ్మదింపజేస్తుంది. అంటే పాతకాలపు డ్రైవరు ఘాట్ మలుపులో చేసిన డబుల్ క్లచ్ లెక్కే ఇదీ. ఆయన చెవితో కట్టిన లెక్కను ఇది అంకెలతో కడుతోంది.

ఇంకోటి చూడండి. లారీలో ఎంత లోడుందో కంప్యూటరుకు ఎవరూ చెప్పరు. అయినా తెలుసుకుంటుంది. ఇంజను ఎంత బలం పెడుతోందో దానికి తెలుసు, బండి ఎంత చురుగ్గా వేగం అందుకుంటోందో కొలుస్తుంది. బలాన్ని త్వరణంతో భాగిస్తే ద్రవ్యరాశి వస్తుందని న్యూటన్ చెప్పిన సూత్రం తొమ్మిదో తరగతిలో చదివే ఉంటారు. రోడ్డు ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే సెన్సరు కూడా ఉంటుంది. లారీ ఎంప్టీగా ఉంటే ఒకటి నుంచి మూడుకీ, మూడు నుంచి అయిదుకీ గేర్లు దాటేస్తుంది, నిండుగా ఉంటే ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది.

మంచి డ్రైవరును మించిన మైలేజీ ఇది ఇస్తుందా అంటే, పెద్ద తేడా ఉండదనే నా అభిప్రాయం. దీని ఉపకారం వేరు. కొత్తగా చేరిన కుర్రాడు కూడా, రాత్రంతా నడిపి అలిసిపోయిన పెద్దాయన కూడా, ప్రతి గేరూ సరైన చుట్ల దగ్గరే మారుస్తారు. క్లచ్ ప్లేటు కాలదు, గేరు పళ్ళు విరగవు. యూరపులో దూరప్రయాణాల లారీలు దాదాపు అన్నీ ఇలాగే వస్తున్నాయి. మాన్యువల్ మీద అంత అభిమానం ఉన్న అమెరికాలో కూడా కొత్త పెద్ద లారీల్లో ఎక్కువ భాగం ఇవే. అక్కడ ఆటోమేటిక్ బండి మీద పరీక్ష ఇచ్చినవాళ్ళ లైసెన్సు మీద ‘ఇ’ అనే అక్షరం వేస్తారు, దాంతో మాన్యువల్ లారీ నడపకూడదు.

మన దగ్గర టాటా ప్రైమా వంటి కొన్ని లారీల్లో ఏఎంటీ వచ్చింది. రాత్రి పూట హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్ళే పొడుగాటి వోల్వో బస్సుల్లో ఐషిఫ్ట్ ఉంది. అయినా మన రోడ్ల మీద లారీ అంటే ఇంకా ఎక్కువగా గేరు రాడ్డే. కారణాలు చిన్నవి కావు. ఒకటో రెండో బండ్లున్న ఓనరుకు ఆ అదనపు ధర పెద్ద బరువు. మాన్యువల్ గేరుపెట్టెను హైవే పక్క షెడ్డులో మెకానిక్కు సాయంత్రానికి విప్పి బిగించగలడు. కంప్యూటరు మొరాయిస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి. క్వారీ బురదలో చిక్కుకున్న బండిని ముందుకూ వెనక్కూ ఊపి బయటికి తియ్యాలంటే చాలామంది డ్రైవర్లు తమ కాలినే నమ్ముతారు. అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్కులో ఏఎంటీ క్లచ్ కూడా వేడెక్కుతుంది, ఎందుకంటే అదీ మామూలు క్లచ్చే.

అయినా నేను ఏఎంటీ పక్షమే. నగరం పొలిమేరల్లో గంటల తరబడి ట్రాఫిక్కులో బరువైన క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పాడు చేసుకున్న డ్రైవర్లు ఎందరో. ఆ మోకాలికి ధర కట్టి ఓనరు పద్దులో రాస్తే, ఏఎంటీ ఖరీదు అంత ఎక్కువగా కనబడదు.

ఎక్కడం గురించి ఇంత చెప్పుకున్నాం. ప్రాణాలు పోయేది మాత్రం దిగడంలో.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఇరవై టన్నుల లారీ ఘాట్ దిగి మైదానానికి వచ్చిందనుకోండి. 800 మీటర్ల దిగుడు లెక్కేసినా అది వదిలించుకోవలసిన శక్తి సుమారు 15 కోట్ల 70 లక్షల జౌళ్ళు. కరెంటు బిల్లు భాషలో సుమారు 44 యూనిట్లు. ఆ వేడితో అరటన్ను నీళ్ళు కళపెళ మరిగించవచ్చు. టైర్ల రాపిడీ గాలీ కొంత తీసుకుంటాయి. మిగిలినదంతా బ్రేకు డ్రమ్ముల్లోకి వెళ్ళిందంటే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనర్ల పట్టు సడలుతుంది, పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. ‘బ్రేక్ ఫెయిల్’ అని వార్తల్లో వచ్చే ప్రమాదాల్లో చాలా వాటి కథ ఇదే. బ్రేకు విరగలేదు, దాన్ని ఉడకబెట్టారు.

ఆ వేడి ఇంజనులోకి వెళ్ళాలి. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఇంజను ఎదురు లాగుతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు కుర్రాళ్ళకు చెప్పేది అందుకే. అదీ దిగుడు మొదలవక ముందే వెయ్యాలి. మధ్యలో వేగం పెరిగిపోయాక న్యూట్రల్లోకి తీస్తే కింది గేరు మళ్ళీ పడదు.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. 1931లో క్లెస్సీ కమిన్స్, డీజిల్ ఇంజన్లకు పేరుపడ్డ ఆ కమిన్సే, తన ఇంజను సత్తా చూపించడానికి అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి లారీ నడుపుకుంటూ వెళ్ళాడు. కాలిఫోర్నియాలో కాజోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు పట్టు వదిలాయి. కింద రైలు గేటు, దాని మీంచి వెళ్తున్న రైలు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ రోజును ఆయన మరిచిపోలేదు. చాలా ఏళ్ళ తరవాత ఒక ఉపాయం కనిపెట్టాడు. సిలిండరులో గాలిని పిస్టను గట్టిగా ఒత్తుతుంది, దానికి శక్తి ఖర్చవుతుంది. మామూలుగా ఆ ఒత్తిన గాలి పిస్టనును తిరిగి నెట్టి ఆ శక్తిని వాపసు ఇచ్చేస్తుంది. సరిగ్గా ఒత్తిడి నిండిన క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేస్తే గాలి బయటికి పోతుంది, శక్తి వాపసు రాదు. ఇంజను మొత్తం ఒక బ్రేకు అయిపోతుంది. 1961లో జేకబ్స్ కంపెనీ దీన్ని అమ్మకానికి తెచ్చింది. అమెరికాలో జేక్ బ్రేక్ అంటే ఇదే. మన లారీల్లో ఎక్కువగా ఉండేది ఇంకా సాదా ఏర్పాటు. పొగగొట్టానికి ఒక మూత అడ్డుపెట్టి ఇంజను ఊపిరి బిగబట్టడం.

మరి డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు సంగతేమిటి? ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీసేస్తే డీజిల్ చుక్క కూడా లోపలికి పోదు, చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయి కదా. న్యూట్రల్లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఇంకొందరు ఏకంగా ఇంజనే ఆపేస్తారు. అది మరీ ఘోరం. గాలిని ఒత్తే కంప్రెసరు ఆగితే బ్రేకులకు కొత్తగా గాలి చేరదు, స్టీరింగు రాయిలా బిగుస్తుంది.

అయితే ఆ అలవాటు బొత్తిగా అర్థంలేనిదని కొట్టిపారెయ్యలేను. చాలా కొద్దిపాటి వాలులో గేరులో ఉంటే ఇంజను లాగుడుకు బండి వేగం తగ్గి, మళ్ళీ డీజిల్ పొయ్యాల్సి వస్తుంది. అక్కడ న్యూట్రల్ లాభమే. కొత్త ఏఎంటీలు ఆ పని చేస్తాయి కూడా. సన్నని వాలులో వాటంతట అవే ఇంజనును విడదీస్తాయి, వేగం కాస్త పెరగగానే మళ్ళీ గేరులో పడతాయి. క్షణక్షణం కొలుస్తూ ఉంటాయి కాబట్టే వాటికి ఆ స్వేచ్ఛ. ఘాట్లో మనిషికి ఆ స్వేచ్ఛ లేదు.

మొదటి ఏఎంటీలకు కళ్ళు లేవు, అదే వాటి లోపం. ఎదురుగా గుట్ట ఉందని డ్రైవరు అర కిలోమీటరు ముందే చూసి గేరు పట్టి ఉంచుతాడు. కంప్యూటరుకు మాత్రం ఏటవాలు చక్రం కిందికి వచ్చాకే తెలుస్తుంది. అందుకే సరిగ్గా ఎత్తు మొదలయ్యే చోట పై గేరులోకి వెళ్ళి, వెంటనే నాలుక కరుచుకుని దిగేది. పదేళ్ళు పైబడ్డాయి, ఆ లోపం కూడా తీర్చారు. ఎత్తుపల్లాలున్న మ్యాపు, జీపీఎస్ కలిపి కొత్త ఏఎంటీలు రోడ్డును ముందే చదివేస్తున్నాయి. ఎత్తు రాకముందే ఊపు అందుకుంటాయి, శిఖరం దగ్గర ఊరికే డీజిల్ పొయ్యడం మానేస్తాయి.

కరెంటు లారీలు వస్తే ఈ గేర్ల గొడవే ఉండదని అంటారు. కరెంటు మోటారు సున్నా చుట్ల నుంచే గట్టిగా లాగుతుంది, నిజమే. అయినా వోల్వో తన ఎఫ్‌హెచ్ కరెంటు లారీలో పన్నెండు గేర్ల ఐషిఫ్టునే ఉంచింది, బరువు మీద కొండ ఎక్కాలన్నా హైవే మీద పరిగెత్తాలన్నా మోటారు సుఖంగా తిరగాలని. దిగేటప్పుడు మోటారే డైనమో అయిపోయి, అరకు ఘాట్లో మనం చెప్పుకున్న ఆ 44 యూనిట్లలో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి పోస్తుంది. కాకపోతే బ్యాటరీలో చోటుండాలి. కొండ మీద పూర్తిగా చార్జి చేసుకుని దిగడం మొదలుపెడితే ఆ కరెంటు పోవడానికి చోటుండదు, వేడంతా మళ్ళీ బ్రేకుల మీదే పడుతుంది. కాబట్టి కరెంటు లారీ డ్రైవరు కూడా కొండ దిగబోయే ముందు ఒకసారి బ్యాటరీ ముల్లు చూసుకోవాలి.